బొగ్గుపులుసు వాయువూ, నా ఆటవెలదీ

భూమిని చాపలా చుట్టి సముద్రంలో పడవేసిన రాక్షసుణ్ణి గురించి మీరు పురాణాలలో విని ఉంటారు. నేను అంతటివాణ్ణి కాను. నేను చేసిందల్లా తెనాలి, బాపట్ల, రేపల్లె అనే మూడు ఊళ్ళ కిందనున్న నేలకు నాలుగు పాదాల ఆటవెలదితో చిల్లు పొడవటం. ఆ చిల్లులో నుంచి బొగ్గుపులుసు వాయువు, అనగా మీరు కార్బన్ డయాక్సైడ్ అని పిలిచే పదార్థం, రెండువందల నలభై ఏళ్ళపాటు పాకి పాకి, చెరుకుపల్లిలో మా బావమరిది వరిచేను మధ్య తలయెత్తింది. ఇదంతా కంప్యూటరులోనే జరిగిందనుకోండి. కాని నాకు జరిగిన పరాభవం మాత్రం నిజంగానే, పట్టపగలు, నిండుసభలో జరిగింది. ఆ కథ చెబుతాను. నవ్వదలచినవారు నిస్సంకోచంగా నవ్వవచ్చు. మా ఇంట్లోవారు ఆరేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్ళు. అంటే కుర్రతనపు పొగరు ఇంకా పూర్తిగా దిగని వయసన్నమాట. తెనాలిలో తెలుగు పండితుడిగా పనిచేసి విరమించుకొన్నాను. పూర్వం కొన్ని అష్టావధానాలు చేశాను. వాటిలో పొందిన శాలువలు మా బీరువాలో ఇప్పటికీ చిమ్మెటలకు విందుచేస్తున్నాయి. నాకు ఏ గర్వం ఉన్నా లేకున్నా, ధారణ గర్వం మాత్రం ఉండేది. ఒకసారి విన్నది మరువను. కాగితం మీద రాసుకోవటమంటే నా దృష్టిలో, కాళ్ళున్నవాడు కర్ర పట్టుకొని నడవటం. కూరగాయల జాబితా కూడా కందపద్యంలో కట్టుకొని బజారుకు వెళ్ళేవాణ్ణి. ప్రాస కుదరక ఒకనాడు బెండకాయలకు బదులు దొండకాయలు తెచ్చాననే అపవాదు ఉంది. అది మా ఆవిడ కామేశ్వరి పుట్టించింది. నమ్మకండి.

మా కూతురి కూతురు హారిక బాపట్లలో ఒక ఇంజనీరింగు కళాశాలలో పరిశోధన చేస్తుండేది. ఆదివారాలు తెనాలి వచ్చేది. ఏ విషయం మీద పరిశోధన అని అడిగితే, ఒకనాడు మా ఆవిడ చేసిన మైసూర్‌పాకు ముక్క చేతిలోకి తీసుకొని పాఠం మొదలుపెట్టింది.

"ఇదిగో తాతయ్యా, దీని నిండా కన్నాలున్నాయా? భూమి లోపల కిలోమీటరు పైన లోతులో ఇట్టాంటి గుల్లరాయి ఉంటది. ఆ కన్నాల్లో ఉప్పునీళ్ళుంటాయి. ఫ్యాక్టరీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ వేరుచేసి, గట్టిగా నొక్కి, గొట్టంలోంచి ఆ రాతిలోకి పంపిస్తారు."

"పంపితే అది ఊరుకొంటుందా? పొగ స్వభావం ఊర్ధ్వగమనం కదా!"

"కరెక్ట్! పైకే పోదామని చూస్తది. అందుకే ఆ గుల్లరాయి మీద కన్నాల్లేని గట్టిరాయి పొర ఒకటి మూతలాగా ఉండాలి. మూత బాగుంటే గ్యాసు దానికింద ఆగి, మెల్లమెల్లగా ఉప్పునీళ్ళలో కరిగి, ఎప్పటికో రాయైపోద్ది."

"ఆగుతుందో లేదో ఎవరు చూడొచ్చారు?"

"నేనే చూస్తా. రాయి లెక్కలన్నీ కంప్యూటర్లో పెడితే తొమ్మిదిరోజులు ఆడి, వెయ్యేళ్ళ తర్వాత గ్యాసు ఎక్కడుంటదో బొమ్మ గీసి చూపిస్తది. దాన్నే సిమ్యులేషన్ అంటారు."

నేను నివ్వెరపోయాను. మన పంచాంగకర్తలు ఒక్క ఏడాదిలో కురిసే వానలు చెప్పటానికే ఆయాసపడతారు. ఈ పిల్ల వెయ్యేళ్ళ పాతాళ ఫలితాలు చెబుతానంటోంది! నా ఛాతీ ఎంత పొంగిందంటే, చొక్కా గుండీ ఒకటి నిజంగానే ఊడింది.

"అది తినకుండా చెబుతోంది, మీరు వినకుండా తింటున్నారు," అంది మా ఆవిడ, పళ్ళెం నా ముందు నుంచి లాగేస్తూ.

హారిక నాలుగేళ్ళ శ్రమకు అది ఆఖరి మెట్టు. తొందరలోనే పెద్దల సంఘం ముందు సెమినారు ఇవ్వాలి. అందులో గట్టెక్కితేనే గ్రంథం సమర్పించే అర్హత. తప్పితే మరో ఏడాది ఆగాలి. అప్పటికి ఆమె గైడు మేడమ్ గారు పదవీ విరమణ చేస్తారు. మళ్ళీ కొత్త గురువు, కొత్త మొదలు. అన్నీ సిద్ధమే కాని, రాతి లెక్కలు రెండు తక్కువయ్యాయి. రాయి నూటికి ఎన్ని పాళ్ళు గుల్ల, పైమూత ఎన్ని మీటర్ల మందం అనేవి. ఆ ప్రాంతంలో ఏనాడో నేల లోతులు పరీక్షించటానికి బోరు దింపినప్పుడు, పైకి తీసిన రాతిముక్కలను కొలిచిన మస్తాన్ గారు రేపల్లెలో ఉంటున్నారు. ఆయన సొంత పుస్తకంలో ఆ కొలతలున్నాయి. గైడు మేడమ్ గారు ఫోనుచేసి ఆయనను ఒప్పించారు.

"నేను కంప్యూటర్ దగ్గర్నుంచి కదల్లేను తాతయ్యా. నువ్వు రేపల్లె వెళ్ళి ఆ పేజీ ఫోటో తీసి పంపవా? బొత్తాం ఒకసారి నొక్కితే చాలు."

"అమ్మా, శతావధానులకు పృచ్ఛకుడిగా కూర్చున్నవాణ్ణి. నన్ను బొత్తాలు నొక్కటానికి పంపుతున్నావా?"

"ఫోటో చాలు తాతయ్యా. ప్లీజ్."

పాఠకులు ఆ 'ప్లీజ్'ను గుర్తుంచుకోవాలి. నేను గుర్తుంచుకోలేదు.

తెనాలి నుంచి రేపల్లె రైలెక్కాను. మస్తాన్ గారు నాకంటే రెండేళ్ళు పెద్ద. తెల్లని పంచె, చేతిలో పచ్చ అట్టపుస్తకం. టీ ఇచ్చి, కళ్ళజోడు తుడుచుకొని, పుట తెరిచారు.

"రాసుకోటానికి కాగితం తెచ్చారా మాస్టారూ?"

నేను చిరునవ్వుతో నుదుటి మీద వేలు ఆనించాను. "ఇది చాలదాండీ?"

"పెద్ద తలేనండి, కాదన్ను. కానీ ఫోటో కొట్టి పంపాలని మేడమ్ గారు చెప్పారే?"

"ఫోటోలో అంకెలు పడతాయి. పద్యంలో శాశ్వతంగా నిలుస్తాయి. తమరు చదవండి."

ఆయన చదివారు. నేను కళ్ళుమూసుకొన్నాను. టీ రెండు గుక్కలు తాగేలోపున ఆటవెలది సిద్ధం:

కనులు శశియు ఱాతఁ గల గుల్లతనమౌను
శశియు వేద వేద శశియు లోతు
శశియు నృతువు మూఁత చట్టు మందమ్మౌను
భూమిపొరల లెక్క బుద్ధిఁ గనుము

ఈ కాలపు పాఠకుల కోసం కొంచెం వివరిస్తాను. మన పూర్వులు పద్యంలో అంకెలను పేర్లతో చెప్పేవారు. శశి ఒక్కడే కనుక ఒకటి. కనులు రెండు. వేదాలు నాలుగు. ఋతువులు ఆరు. అంతవరకు శిశువులకు కూడా తెలుసు. అసలు కిటుకు ఏమంటే, ఆ వరుసను కుడి నుంచి ఎడమకు చదవాలి. మొదట చెప్పింది ఒకట్ల స్థానం, తరువాతది పదుల స్థానం. ముప్పైయేళ్ళు పిల్లలకు నేను బెత్తం పట్టుకొని నేర్పిన సూత్రం ఇది. పద్యం కట్టేటప్పుడు నేను ఆ సూత్రాన్ని పొల్లుపోకుండా పాటించాను. నా పద్యంలో తప్పు లేదని ఈనాటికీ సవాలు చేస్తున్నాను. యతి చూడండి, గణం చూడండి!

మస్తాన్ గారు విని, "వాహ్! రాళ్ళకి కూడా పద్యమా మాస్టారూ!" అన్నారు. ఆ మాటతో నేను నేలకు రెండంగుళాలు పైన నడుస్తూ స్టేషనుకు చేరాను.

అక్కడ ఫోను మోగింది.

"తాతయ్యా! కంప్యూటర్ స్లాట్ ఇప్పుడే ఇచ్చారు. పావుగంటలో నంబర్లు ఎక్కించకపోతే వేరేవాళ్ళకి పోద్ది. ఫోటో ఏదీ?"

"ఫోటో కాదమ్మా, పద్యం!"

అవతల ఒక నిట్టూర్పు వినిపించింది. రేపల్లె స్టేషనులో గాలి ఎక్కువ కనుక అది గాలి చప్పుడనే భావించాను.

"సరే, ముందు లోతు చెప్పు."

"శశి, వేదం, వేదం, శశి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి!"

"పధ్నాలుగు వందల నలభై ఒకటి. కరెక్టే! లోతు నా దగ్గర రిపోర్టులో ఉందిలే తాతయ్యా. నీ పద్యం పనిచేస్తదో లేదో చూద్దామని అడిగా."

"నన్నే పరీక్షించావుటే?"

"పాసయ్యావుగా! ఇప్పుడు గుల్లతనం చెప్పు, తొందరగా."

చూశారా విధివిలాసం! ఎడమ నుంచి చదివినా, కుడి నుంచి చదివినా మారని అంకె ప్రపంచంలో ఎక్కడో ఒకటి ఉంటుంది. అది తెచ్చి బ్రహ్మదేవుడు సరిగ్గా నా రెండో పాదంలో పెట్టాడు. పరీక్షలో నెగ్గిన ఉత్సాహంలో, ఇంజను కూత మధ్య, మాట వచ్చిన వరుసలోనే అరిచాను.

"కనులు, శశి! రెండు, ఒకటి!"

"ఇరవయ్యొకటా! అంత గుల్లా? అబ్బ, భలే రాయి తాతయ్యా!"

"మన గడ్డ మీది రాయి కదమ్మా!" అన్నాను, ఆ రాతిని నేనే కనిపెంచినట్టు.

"మూత?"

"శశి, ఋతువు. ఒకటి, ఆరు!"

"పదహారే? పల్చగా ఉందే. సరే, ఎక్కించేశా!"

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతి పోలేదు, దిక్కు పోయింది. పన్నెండు పాళ్ళ గుల్లరాయి నా నోట ఇరవయ్యొక్క పాళ్ళయింది. అరవయ్యొక్క మీటర్ల మూత పదహారు మీటర్లకు చిక్కిపోయింది. అరవయ్యొక్క మీటర్ల అత్తగారి గాంభీర్యం గల ఆ రాతిచట్టును, పదహారు మీటర్ల అప్పడం చేసి, రైలెక్కి కిటికీ పక్కన కూర్చొని, చల్లగాలికి నిద్రపోయాను.

తొమ్మిదిరోజులు గడిచాయి. పదోనాడు హారిక లాప్‌టాప్‌తో వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. తెర మీద మన ప్రాంతాన్ని నిలువుగా కోసినట్టు బొమ్మ. పైన ఒక కొసన తెనాలి, మరో కొసన బాపట్ల, ఇంకో మూల రేపల్లె. అట్టడుగున ఎర్రగా గ్యాసు. ఆమె మీట నొక్కుతుంటే ఏళ్ళు దొర్లాయి. ఆ ఎరుపు పైకి పైకి పాకి, మూతను చీల్చుకొని, రెండువందల నలభయ్యో ఏట నేల మీదికి వచ్చేసింది.

మా ఆవిడ కళ్ళజోడు సర్దుకొని, "ఇదేంటే, ఆవకాయ జాడీలో నూనె తేలినట్టు పైకి తేలిందీ?" అంది.

"అదే అమ్మమ్మా బాధ. నిలవదు. ఇక్కడ గ్యాసు పెట్టకూడదని తేలింది. నాలుగేళ్ళు ఇక్కడ పెట్టొచ్చు పెట్టొచ్చు అని రాసుకుంటూ వచ్చా. సరే, వచ్చిన ఫలితం వచ్చినట్టే నిన్న కమిటీకి పంపించేశా."

"అది తేలింది ఎక్కడే? చెరుకుపల్లి దగ్గర కదూ?" అని మా ఆవిడ అడిగింది. అలా అడిగి ఊరుకొంటే ఆవిడ కామేశ్వరి ఎలా అవుతుంది? అరగంటలో చెరుకుపల్లి నుంచి బావమరిది సుబ్బారావు నాకు ఫోను.

"ఏంటి బావగారూ, మా చేను కిందనుంచి గ్యాసొస్తందంటగా?"

"రెండువందల నలభై ఏళ్ళకు నాయనా. అదీ కంప్యూటరులో."

"వంటకి పనికొస్తదా?"

"రాదు. అది మంటను ఆర్పే వాయువు."

"పోనీ గోలీసోడాకి?"

"సుబ్బారావూ!"

"అది కాదు బావగారూ. పక్క చేనాయనకి ఈ సంగతి చెప్పా. ఆయన మొహం చూడాలి! తన చేలో ఎందుకు రావట్లేదని ఒకటే గొడవ. కాస్త అటు జరిపించమని అమ్మాయికి చెప్పండి."

నవ్వుకొన్నాను. కాని హారిక నవ్వలేదు. ఆ మర్నాడు గైడు మేడమ్ గారు ఆమెను పిలిచి నిలదీశారట. "అంత లోతున, అంత బరువు కింద నలిగిన రాయి ఇరవయ్యొక్క పాళ్ళు గుల్లగా ఉంటదా? నాకు నమ్మకం లేదు. ఆ నంబర్లు ఎక్కడివి? ఫోటో చూపించు."

"ఫోటో లేదు మేడమ్."

"మరి?"

"పద్యం ఉందండి."

ఆ క్షణంలో మేడమ్ గారి ముఖం ఎలా ఉందో వర్ణించమని హారికను చాలాసార్లు అడిగాను. "వద్దులే తాతయ్యా" అనటం తప్ప చెప్పదు.

ఇద్దరం కలిసి రేపల్లె వెళ్ళాం. నేను దారి పొడవునా, "మస్తాన్ గారు వయసు మీదపడి తప్పు చదివి ఉంటారు. పాపం, ఆయనను నొప్పించకు," అని హారికకు నీతులు చెప్పాను. మస్తాన్ గారు ఆ పచ్చపుస్తకం తెరిచి, వేలు పెట్టి చూపించారు. గుల్లతనం పన్నెండు. మూత అరవయ్యొకటి.

"చూశావా, ఆయన ఆనాడు ఇలా చదవలేదు!" అన్నాను.

మస్తాన్ గారు శాంతంగా, "ఆ పద్యం ఒకసారి చెప్పండి మాస్టారూ," అన్నారు.

చెప్పటం మొదలుపెట్టాను. 'కనులు, శశియు' అనేసరికి నాలుక ఆగిపోయింది. నా చేతి బెత్తపుదెబ్బలు తిన్న ముప్పైయేళ్ళ విద్యార్థులందరూ ఒక్కసారిగా నా కళ్ళముందు లేచి నిలబడి, కుడి నుంచి ఎడమకు వేళ్ళు చూపించినట్టయింది.

"ఏంటి తాతయ్యా, ఆగావ్?"

"అమ్మా... ఈ పద్యాన్ని కుడి నుంచి చదవాలి."

"మరి నువ్వు ఎటునుంచి చదివావ్?"

నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. అది నాకు సాయపడలేదు.

మస్తాన్ గారు మెల్లగా నవ్వి, "మా ఉర్దూ కూడా కుడి నుంచి ఎడమకేనండి. కానీ మాస్టారూ, అంకె వచ్చేసరికి మేము కూడా బుద్ధిగా ఎడమ నుంచే రాస్తాం. ఆ తిరగరాతని లెక్కల జోలికి మాత్రం రానివ్వం," అన్నారు.

హారిక తిట్టలేదు. తిడితే బాగుండేది. ఫోను తీసి, ఆ పుటను ఫోటో తీసింది. బొత్తాం ఒక్కసారే నొక్కింది.

ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. నేను తీసిన గొయ్యి లోతు పధ్నాలుగు వందల నలభై ఒక్క మీటర్లు. పైగా అందులో పడింది నేను కాదు, నా మనవరాలు. సెమినారుకు పదకొండు రోజులే ఉన్నాయి. కంప్యూటరుకు తొమ్మిది కావాలి. ఆ స్లాటేమో కిశోర్ అనే మరో పరిశోధకుడిది. నేనే స్వయంగా బాపట్ల వెళ్ళి, నా కంటే నలభైయేళ్ళు చిన్నవాడైన ఆ కిశోర్ ముందు చేతులు జోడించాను.

"అయ్యో, అదేంటి తాతగారూ! స్లాట్ తీసుకోండి. నేను ఎట్టాగూ పెళ్ళిపనుల మీద ఊరెళ్తున్నా."

"పెళ్ళా! నాయనా, నీ శుభలేఖకు ఐదు పద్యాలు రాసిస్తాను. సీసం, గీతం..."

హారిక గబగబా అడ్డొచ్చింది. "రాయించుకో కిశోర్. ముహూర్తం టైము మాత్రం పద్యంలో పెట్టనివ్వకు. పెళ్ళికూతురు వెళ్ళిపోయాక చేరతావ్."

కంప్యూటరు మళ్ళీ తొమ్మిదిరోజులు పాతాళయాత్ర చేసింది. ఈసారి ఫలితం సెమినారు నాడే, సభలో అందరి లాగా నేనూ మొదటిసారి చూశాను. వెనుకవరుసలో నేనూ, కామేశ్వరీ కూర్చున్నాం. వేదిక మీద హారిక. తెరపై అదే బొమ్మ. ఎరుపు పైకి పాకింది. మూతను తాకింది. ఆగింది! అరవయ్యొక్క మీటర్ల ఆ మహాచట్టు కింద అణిగిమణిగి, వెడల్పుగా పరుచుకొంది. వందేళ్ళు, మూడువందలేళ్ళు, ఐదువందలేళ్ళు. గ్యాసు కరిగిన ఉప్పునీరు బరువెక్కి, వేళ్ళలాగా కిందికి దిగటం మొదలుపెట్టింది. వెయ్యో ఏట చెరుకుపల్లి పొలాలు నిశ్చింతగా ఉన్నాయి. మా హారిక గొంతులో తొణుకు లేదు. ఎవరు ఏ ప్రశ్న వేసినా, తడుముకోకుండా జవాబు. పూర్వం నేను పొందిన శాలువలన్నీ తెచ్చి ఆ పిల్ల భుజాలమీద కప్పాలనిపించింది. మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకొని, "వేదిక మీద మీకంటే బాగా మాట్లాడుతోంది," అంది. జీవితంలో ఆవిడ మాటకు నేను మనస్ఫూర్తిగా తలూపిన ఒకే ఒక్క సందర్భం అది.

అప్పుడు సంఘాధ్యక్షుడు గొంతు సవరించుకొన్నారు. పెద్దాయన. నెరిసిన మీసాలు.

"అమ్మాయీ, చక్కగా ఉంది. కానీ రెండు వారాల కిందట నువ్వు పంపిన రిపోర్టులో గ్యాసు పైకొచ్చేసింది. ఇవాళ రాలేదు. రాయీ అదే, ఊరూ అదే. నంబర్లు మారినయ్. ఫలితం నచ్చక మార్చావా?"

పండితుడికి పద్యసరదా, పరిశోధకురాలికి ప్రాణసంకటం! సెమినారు పోతే ఏడాది పోతుంది. ఈ మాట నిలబడితే ఆమె పేరే పోతుంది.

హారిక క్షణకాలం వెనుకవరుస వైపు చూసి, తల దించుకొంది. "మార్చలేదు సార్. మొదటిసారి ఎంట్రీలో తప్పు జరిగింది. తప్పు నాదే. ఒరిజినల్ పేజీ ఫోటో ఇదిగోండి."

"ఈ ఫోటో మొదటి రిపోర్టు తర్వాత తీసింది. ముందు ఏ ఆధారంతో ఎక్కించావ్?"

"తప్పు నాదే సార్," అని ఆమె మళ్ళీ అంది. నన్ను కాపాడుతోందని అర్థమయింది. నాకు ఒళ్ళు మండింది, నా మీద నాకే. లేచి నిలబడ్డాను.

"అధ్యక్షా! అపరాధిని నేను!"

"తాతయ్యా, కూర్చో!"

"కూర్చోను. నీ నాలుగేళ్ళ శ్రమకు నా అహంకారం మచ్చతెస్తే నిలబడలేనా?" అని, రేపల్లె టీ మొదలు ఇంజను కూతవరకు సమస్తం చెప్పాను. ఆటవెలది చదివాను. సంఘంలో ఇద్దరు నోళ్ళు తెరిచారు. ఒకరు మాత్రం చప్పట్లు కొట్టబోయి మానుకొన్నారు.

అధ్యక్షులు కనుబొమ్మలు ఎగరేశారు. "కథ బాగుందండి. కానీ ఆ పద్యం ముందే కట్టారని రుజువేంటి? నిన్న కట్టుకొచ్చారేమో!"

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. సిగ్గువల్ల ఇంతవరకు దాచాను. ఆనాడు రేపల్లె రైల్లో నిద్రపోయానన్నాను చూడండి, నిద్రకు ముందు ఆ పద్యాన్ని ఫోనులోని మా పద్యప్రియుల బృందానికి పంపించుకొన్నాను. 'ఆశువుగా, తేనీరు సేవిస్తూ' అనే ఉపశీర్షికతో సహా! ముప్పైమంది నమస్కారాల బొమ్మలు పెట్టారు. ఒక్కడూ అర్థం అడగలేదు.

ఫోను తీసుకెళ్ళి అధ్యక్షుల ముందు పెట్టాను. ఆయన తేదీ చూశారు. వేలితో పద్యాన్ని కుడి నుంచి ఎడమకు తడిమారు. "ఒకటి, రెండు... పన్నెండు. ఆరు, ఒకటి... అరవయ్యొకటి. ఊఁ! మొదటి రిపోర్టుకి తొమ్మిది రోజుల ముందే సరైన అంకెలు ఇందులో ఉన్నాయి." మీసాల కింద ఏదో కదిలింది. "మాస్టారూ, ఒక్క అనుమానం మిగిలింది. పద్యం రాసింది మీరు, రూలు తెలిసింది మీకు. అంత పండితుడు దాన్ని తిరగేసి చదివాడంటే ఎట్టా నమ్మటం? సరే, రికార్డు కోసం సభ అంతటికీ వినపడేట్టు మీరే చెప్పండి. ఆ రాయి గుల్లతనం ఎంత?"

నా మనవరాలి గౌరవం నిలబడింది. నా పద్యం న్యాయస్థానంలో సాక్ష్యమయింది. ఛాతీ నిండా గాలి పీల్చి, అవధాన సభలో పలికినట్టు, గోడలు ప్రతిధ్వనించేలా పలికాను.

"కనులు, శశి! ఇరవయ్యొకటి!"

వేదికమీద నుంచి, "పన్నెండు తాతయ్యా, పన్నెండు!" అని హారిక ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో అరిచింది. ఇక సభ కట్టలు తెంచుకొంది. గైడు మేడమ్ గారు ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకొన్నారు. మా ఆవిడ అయితే ముందు కుర్చీ వీపు పట్టుకొని మరీ నవ్వింది.

అధ్యక్షులు కళ్ళు తుడుచుకొని, కలం తీసి సంతకం చేశారు. "అమ్మాయీ, నీ నిజాయితీకి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. గ్రంథం సమర్పించుకో."

అలా నా మనవరాలు డాక్టరు హారిక అయింది. ఈనాడు ఎవరు ఎక్కడ భూమిలో బొగ్గుపులుసు వాయువు పాతిపెట్టాలన్నా ఆమెను సలహా అడుగుతారని నేను చెబుతుంటాను. ఆమె, "అందరూ కాదు తాతయ్యా, కొందరే," అంటుంది. వినయం మా వంశంలో నా తరువాత తరాలకు సంక్రమించింది.

కనుక, పాఠకులారా, నవగ్రహాల సాక్షిగా, అష్టదిక్పాలకుల సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ. రాతి విషయంలోగాని, రైలు విషయంలోగాని, కూరగాయల విషయంలోగాని, ఇకపై ఏ అంకెనూ పద్యంలో బంధించను. బంధించినా విప్పను. విప్పినా సభలో పలకను. ఈ ప్రతిజ్ఞను వచనంలోనే రాసి సంతకం చేశాను. కింద తేదీ మాత్రం హారికను పిలిచి వేయించాను.